ఆంటీ ముట్టని బర్నర్

రిచ్‌మండ్ హిల్‌లో మేం అద్దెకున్న ఇంటి వంటగదిలో స్టవ్‌కి నాలుగు బర్నర్లుండేవి. ఎడమవైపు వెనకది నాది. మిగతా మూడూ ఓనర్ ఆంటీవి. ఆవిడ నా బర్నర్ మీద ఎప్పుడూ గిన్నె పెట్టేది కాదు. మూడింటి మీదా మాంసం, సూపు, టీ మరుగుతుంటే నాలుగో గిన్నె చేత్తో పట్టుకుని నిలబడి ఉండడం ఎన్నోసార్లు చూశాను. నాది ఖాళీగానే ఉండేది. అయినా వాటిలో ఒకటి దిగేదాకా అలా ఆగేదే తప్ప నా దాని జోలికి వచ్చేది కాదు. చివరికి ఆ బర్నర్ గురించే నేను ఆవిడతో గొడవ పెట్టుకున్నాను. నోరు మూసుకుని ఊరుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ చేతకాదు. ఆ గుణం వల్ల నాకు జరిగిన మేలు ఏదైనా ఉందంటే అది ఆ గొడవే.

మాది కర్నూలు. మా ఆయనది కరీంనగర్. హైదరాబాదులో ఒకే ఆఫీసులో పనిచేస్తూ పెళ్ళి చేసుకుని, పీఆర్ మీద ఇక్కడికి వచ్చి, ఆ ఇంటి బేస్‌మెంట్‌లో దిగాం. కింద వంటగది అంటూ లేదు. బల్ల మీద ఒక కరెంటు పొయ్యి, పక్కన సింకు, అంతే. దిగిన వారంలోనే నేను ఇంగువ వేసి తాలింపు పెడితే స్మోక్ అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. పైనుంచి ఆంటీ తువ్వాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, అలారం కింద నిలబడి దాన్ని విసిరి విసిరి, అది ఆగాక నా మూకుడులోకి వంగి వాసన చూసింది. కోప్పడుతుందనుకున్నాను.

"రేపటి నుంచి పైకి వచ్చి వండుకో," అంది.

మర్నాడు వెళ్ళేసరికి ఎడమవైపు వెనక బర్నర్ తోమి తళతళలాడుతోంది. ఆంటీ దాన్ని వేలితో చూపించి, "ఇది నీది," అంది. అప్పుడు నాకు అందులో విశేషమేమీ కనిపించలేదు.

ఆవిడకి డెబ్బై దగ్గరపడుతున్నాయి. పొడుగు మనిషి, జుట్టు కప్పి వెనక ముడేసిన రుమాలు, ఎప్పుడూ నిటారుగా నడక. దాగెస్తాన్ నుంచి వచ్చానని చెప్పింది. నేను తెలిసినట్టు తలూపి, కిందికొచ్చి ఫోన్‌లో వెతికాను.

"గదేడుందే?" అన్నాడు మా ఆయన.

కాస్పియన్ సముద్రం పక్కన, కాకసస్ కొండల్లో ఉంది. ఇప్పుడు రష్యాలో భాగం. ఆవిడ పెరిగిన కాలంలో సోవియట్ యూనియన్‌లో ఒక స్వయంప్రతిపత్తి గల రిపబ్లిక్. ఆవిడ అక్కడి పట్నంలో, మఖచ్‌కలాలో, బడిపిల్లలకి చరిత్ర చెప్పి రిటైరయింది. భర్త పోయాక కూతురి దగ్గరికి ఇక్కడికి వచ్చేసింది. తర్వాత కూతురికి కాల్గరీలో ఉద్యోగం వస్తే, ఈ ఇల్లూ, బేస్‌మెంట్‌లో మేమూ ఆవిడకి మిగిలాం. ఆవిడ ఇంగ్లీషు ఇక్కడి ఉచిత క్లాసుల్లో నేర్చుకున్నది. చిన్నచిన్న వాక్యాలు, ఒక్కోటీ తూచి పెట్టినట్టు ఉండేవి. వాటినే ఇక్కడ నా తెలుగులో పెడుతున్నాను.

టీచర్ కదా, బంగాళాదుంపలు చెక్కుతూ కూడా పాఠం చెప్పేది. వాళ్ళ రిపబ్లిక్‌లో లోయకో భాష అంది. మా దగ్గరా అంతే, కర్నూల్లో ఒకలా, కరీంనగర్లో ఒకలా, కోస్తాలో ఒకలా మాట్లాడతామన్నాను గొప్పగా. ఆవిడ కత్తి పక్కన పెట్టింది.

"మీ ఆయన నీళ్ళు అడిగితే నీకు అర్థమవుతుందా?"

"అర్థమవుతుంది. తెచ్చివ్వను, అంతే."

"మాకు కొండ దాటితే నీళ్ళు అన్న మాట కూడా అర్థం కాదు," అంది నవ్వుతూ.

అవార్లు, దర్గిన్లు, కుమిక్‌లు, లెజ్గిన్లు, లాక్‌లు అంటూ వేళ్ళ మీద లెక్కపెట్టి, వేళ్ళు అయిపోయాక గరిటె చూపించి నవ్వింది. ఆవిడ అవార్. వాళ్ళ తాత తన భాషని అరబ్బీ అక్షరాల్లో రాసేవాడు. సర్కారు వాటిని తీసేసి లాటిన్ అక్షరాలు పెట్టింది. పదేళ్ళు తిరిగాయో లేదో, వాటినీ తీసేసి రష్యన్ అక్షరాలు పెట్టింది. భాష అదే, ఇంట్లో మనుషులూ వాళ్ళే, కానీ తాత రాసింది కొడుకు చదవలేడు, కొడుకు బళ్ళో నేర్చుకున్నది మనవరాలికి పనికిరాదు. నేను మా అమ్మకి తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో మెసేజ్ కొడితే, ఆమె కళ్ళజోడు పెట్టుకుని అరగంట కూడబలుక్కుని, చివరికి ఫోన్ చేసి "ఏం రాస్తివే" అని అడుగుతుంది. అది చెబితే ఆంటీ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

సోవియట్ కాలం గురించి ఆవిడ తిట్టేదీ కాదు, పొగిడేదీ కాదు. కొండ మీదికి రోడ్డు వేశారు, డాక్టరు వచ్చాడు, ఆడపిల్లల్ని బడిలో కూర్చోబెట్టారు అనేది. "మా అమ్మకి సంతకం రాదు. నేను యూనివర్సిటీలో చదివాను. అది వాళ్ళ వల్లే. అబద్ధం ఎందుకు చెప్పాలి?" అనేది. అన్ని జాతులూ అన్నదమ్ముల్లా కలిసున్నాయని పుస్తకంలో ఉండేదట, అదే ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్పిందట. పుస్తకంలో లేనిదేమిటని ఒకసారి అడిగాను. మంట తగ్గించి, "చాలా ఉంది," అని, నా చారులో ఉప్పు సరిపోయిందో లేదో చూడమంది.

అలా రెండేళ్ళు హాయిగా గడిచాయి. మూడో ఏడు శరత్కాలంలో మూడు సంగతులు వరసగా వచ్చిపడ్డాయి. నాకు నెల తప్పి అప్పటికే ఆరో నెల. మా ఆయన కంపెనీలో లేఆఫ్‌లు మొదలై ఆయన ఉద్యోగం పోయింది. ఆపైన కాల్గరీ నుంచి ఆంటీ కూతురు ఫోన్ చేసి, ఇల్లు అమ్మేస్తున్నామని చెప్పింది. అమ్మని ఒంటరిగా వదల్లేక తన దగ్గరికి తీసుకెళ్తోంది. కొనేవాళ్ళు దొరికారు. జనవరిలో ఇల్లు ఖాళీగా అప్పజెప్పాలన్నారు. నా డెలివరీ జనవరి ఆఖర్లో.

కూతురు మంచిదే, మర్యాదగానే చెప్పింది. ఆమెని ఏమనను? కానీ ఇల్లు వెతకడానికి వెళ్తే ప్రతివాడూ జాబ్ లెటర్ ఏదన్నాడు. బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్ చూశాం. గదికి కిటికీ లేదు, గోడకి తడి. ఇంకోచోట నా పొట్ట చూసి, చిన్నపిల్లల ఏడుపు పైవాళ్ళకి ఇబ్బందన్నారు. మా ఆయన నెట్‌లో చట్టాలన్నీ చదివి ఒకరోజు దిగాలుగా కూర్చున్నాడు.

"ఓనర్‌తోని కిచెన్ షేర్ చేస్తే మనకు ఆ రూల్స్ అప్లై కావట. నువ్వు రోజూ పైకి పోయి వండుతున్నవ్ గదా."

"అయితే ఏం, తాలింపు వేసుకున్నందుకు రోడ్డున పడాలా?"

"నేననలే, రూలు అంటున్నది."

రూలుని తిట్టలేక ఆయన్నే తిట్టాను. నిజానికి నాకు భయం పట్టుకుంది. చలి మైనస్‌లలో ఉండే నెలలో, పచ్చిబాలింతగా, చేతిలో పసిగుడ్డుతో ఎవరింటి గుమ్మం ముందు నిలబడాలో తెలియని భయం. నిద్ర లేచినా అదే, కూరగాయలు తరుగుతున్నా అదే.

ఆ భయంతోనే ఒక మధ్యాహ్నం చారు పెట్టడానికి పైకి వెళ్ళాను. మూడు బర్నర్ల మీదా గిన్నెలు ఉడుకుతున్నాయి. ఆంటీ నాలుగోది పట్టుకుని నిలబడి ఉంది. బరువుకి దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటోంది. నా బర్నర్ ఖాళీగా మెరుస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం ఆంటీ, నేను వండిన పొయ్యి మీద పెడితే మీ గిన్నె అపవిత్రమైపోతుందా? నేను అంత మురికిదాన్నా?" అన్నాను. ఇంగ్లీషులోనే అన్నాను, గొంతు మాత్రం పూర్తిగా కర్నూలుది.

ఆవిడ అర్థంకానట్టు చూసింది. నేను ఆగలేదు. మా నాన్న చిన్నప్పుడు ఊళ్ళో టీ బంకు దగ్గర ఆయనకి వేరే గ్లాసు ఉండేదని చెప్పాను. చూరులో దోపి ఉన్న ఆ గ్లాసు తనే తీసుకుని, తాగి, తనే కడిగి, మళ్ళీ అక్కడే దోపి రావాలి. మిగతావాళ్ళ గ్లాసు ముట్టుకోకూడదు, ఈయన గ్లాసు మిగతావాళ్ళు ముట్టుకోరు. అది ఎందుకో అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. మాకు వేరుగా పెట్టడమంటే ఏమిటో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు, ఇన్ని సముద్రాలు దాటొచ్చి ఇక్కడ కూడా నాకొక బర్నర్ వేరుగా పెట్టారా అని అడిగేశాను. చెప్తుంటే ఏడుపొచ్చింది. ఇల్లు పోతున్న ఏడుపు, మా నాన్న ఏడుపు కలిసి వచ్చాయి.

ఆంటీ చేతిలో గిన్నె కింద పెట్టింది. మూడు బర్నర్లూ ఆర్పేసింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా తను కూర్చుంది.

"మీ నాన్న ఇప్పుడు ఏ గ్లాసులో తాగుతున్నారు?"

"స్టీలు గ్లాసులో. మా ఇంట్లో. నా జీతంతో కొన్నది."

"మంచిది," అంది. బల్లని అరచేత్తో ఒకసారి తుడిచి మొదలుపెట్టింది. బళ్ళో ఎప్పుడూ చెప్పని పాఠమట అది.

దాగెస్తాన్ పక్కన చెచెన్ల ప్రాంతం ఉంది. అప్పట్లో అదీ ఒక రిపబ్లిక్కే. యుద్ధం జరుగుతున్న రోజుల్లో, 1944 చలికాలంలో, శత్రువుకి సాయం చేశారన్న నింద మోపి చెచెన్లని ఆడా మగా, ముసలీ ముతకా తేడా లేకుండా మొత్తం జాతినే రైళ్ళలో కుక్కి కజక్‌స్తాన్ పంపేశారు. రిపబ్లిక్ పేరు మ్యాపులోంచి కొట్టేశారు. అందులో కొంత ముక్క దాగెస్తాన్‌కి కలిపారు. ఇప్పుడు ఆ ముక్కలో ఊళ్ళున్నాయి, ఇళ్ళున్నాయి, మనుషులు లేరు. పొలం దున్నేవాళ్ళు కావాలి. అందుకని కొండల మీది అవార్ ఊళ్ళకి హుకుం వచ్చింది, దిగి వెళ్ళి అక్కడ కాపురం ఉండండని. మేం వెళ్ళం అని మొండికేసినవాళ్ళనీ తోలుకెళ్ళారు. మళ్ళీ వెనక్కి రాకుండా చాలా ఊళ్ళలో వాళ్ళ పాత ఇళ్ళు కూలగొట్టేశారు.

"మా నాయనమ్మ కనుమ దాటి నడిచి వచ్చింది," అంది ఆంటీ. "నడుముకి గొలుసు చుట్టుకుని."

కొండ ఇళ్ళల్లో పొయ్యి మీద పైకప్పు నుంచి ఒక ఇనప గొలుసు వేలాడుతుందట. దాని కొక్కేనికే వంటకుండ తగిలిస్తారు. ఆ గొలుసే ఇల్లు. దాన్ని అవమానిస్తే ఇంటివాళ్ళందర్నీ అవమానించినట్టు. ప్రాణభయంతో ఎవడైనా పరుగెత్తుకొచ్చి దాన్ని పట్టుకుంటే, వాడు శత్రువైనా సరే ఆ ఇంటివాళ్ళు కాపాడాల్సిందే. అందుకే ఇల్లు కూలుతున్నా నాయనమ్మ గొలుసు విప్పి తెచ్చుకుంది. వీళ్ళకని చూపించిన ఇంట్లో అడుగుపెట్టి చూస్తే, పొయ్యి మీద అప్పటికే ఒక గొలుసు వేలాడుతోంది.

"ఆ ఇంటివాళ్ళది. వాళ్ళకి విప్పుకునే టైమ్ ఇవ్వలేదు."

ఇంట్లో ఉన్న మంచాలు వాడుకున్నారు. అటక మీది మొక్కజొన్న పొత్తులు వాడుకున్నారు. వాడుకోకపోతే చచ్చిపోయేవాళ్ళు. కింది లోయల్లో ఆ ఎండాకాలం మలేరియా వచ్చి చాలామంది చచ్చిపోయారు కూడా. కానీ నాయనమ్మ ఆ గొలుసుకి కుండ తగిలించలేదు. పక్కన దూలానికి తన గొలుసు కట్టుకుని, దాని కింద వేరే పొయ్యి పెట్టుకుంది. పండగ పండగకీ ఆ పరాయి గొలుసుని బూడిదతో తోమేది. ఎప్పటికీ రానివాళ్ళ గొలుసు నీకెందుకని ఊళ్ళో వాళ్ళు నవ్వేవారు. వాళ్ళది కాబట్టి, అనేదట.

ఇన్నాళ్ళూ ఈవిడవాళ్ళు ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళని అనుకుంటూ వచ్చాను. అదే అన్నాను.

"పోగొట్టుకున్నాం. ఇంకొకళ్ళ ఇంట్లో దూరాం. రెండూ చేశాం," అంది. తర్వాత లేచి వెళ్ళి నా బర్నర్ మీద చెయ్యి ఆనించింది. "ఇది నీ పొయ్యి. నువ్వు కింద ఉన్నప్పుడు దీని మీద నేను వండితే, ఈ ఇంట్లో నువ్వు లేనట్టే. మాకు నేర్పింది ఇదే. నిన్ను బాధపెడుతుందని నాకు తెలియదు."

మా నాన్న చూరులో దోపిన గ్లాసు నా ఒంట్లో ఎక్కడో గుచ్చుకునే ఉంది. వేరుగా పెట్టడం అనే పనినే గౌరవంగా చేసే మనుషులు ఈ భూమ్మీద ఉన్నారని ఆ రోజు తెలిసింది. వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. ఆంటీ నా ముక్కు తుడిచి, స్టవ్ వెలిగించి, చారు పెట్టుకోమంది.

"వాళ్ళు తిరిగొచ్చారా, ఆంటీ?" అని అడిగాను.

"వచ్చారు," అని మాత్రం అంది.

డిసెంబరులో కూతురు వచ్చింది, సంతకాలు పెట్టించడానికి. నలభై దాటిన మనిషి, కళ్ళ కింద నల్లటి చారలు, ఉద్యోగంతోటీ అమ్మ గురించిన బెంగతోటీ నలిగిపోయిన మొహం. మమ్మల్ని పైకి పిలిచి, జనవరికి ఏమన్నా దొరికిందా అని అడిగింది. దొరకలేదన్నాం. కావాలంటే సామాను మార్చడానికి మనుషుల్ని మాట్లాడతానంది. ఆంటీ అంతసేపూ గోడ పక్కన నిలబడి వింటోంది. అప్పుడు తన భాషలో మాట్లాడ్డం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. మధ్యలో కూతురు ఏదో అనబోయి ఆగింది. మొహం ఎర్రగా అయింది. చివరికి పెన్ను బల్ల మీద పడేసి, కుర్చీలో వెనక్కి వాలింది.

"ఏమంటున్నారు?" అన్నాను.

"పాత కథ," అంది కూతురు. "వందసార్లు విన్నాను. ఇవాళ మాత్రం నన్ను తీసుకెళ్ళి అందులో నిలబెట్టింది."

అడగకుండానే చెప్పింది. 1957లో చెచెన్లని తిరిగి రానిచ్చారు. రిపబ్లిక్‌ని మళ్ళీ మ్యాపులో పెట్టారు. ఆ ఇళ్ళల్లో ఉన్న అవార్లని మళ్ళీ దాగెస్తాన్‌కి వెళ్ళిపొమ్మన్నారు. ఎక్కడికి వెళ్తారు? కొండ మీది ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. మైదానంలో కొత్త ఊళ్ళు కడతామన్నారు, ఇంకా కట్టలేదు. ఆ చలికాలం మొదట్లో ఒకరోజు ఇంటి అసలు యజమానురాలు గుమ్మంలోకి వచ్చింది. వెనక ఇద్దరు కొడుకులు. మొగుణ్ణీ ఒక కూతుర్నీ కజక్‌స్తాన్ మట్టిలో పెట్టి వచ్చిన మనిషి. ఇంట్లో నాయనమ్మ కోడలు నిండు చూలాలు. కొడుకులు తలుపు బార్లా తెరిచి పట్టుకుని, బయటికి నడవండి అన్నట్టు నిలబడ్డారు.

ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళింది. రెండు గొలుసులు కనిపించాయి. ఒకటి మసిబారి ఉంది. రెండోది, తనది, తళతళలాడుతోంది. దాని కింద రాయి మీద మసి మరక కూడా లేదు. కాసేపు దాన్ని పట్టుకుని నిలబడింది. తర్వాత కోడలి పొట్ట వైపు చూసి, కొడుకుల్ని తలుపు మూయమంది, చలి లోపలికొస్తోందని.

"చలి వెళ్ళేదాకా రెండు కుటుంబాలూ ఆ ఇంట్లోనే ఉన్నాయి," అంది కూతురు. "ఒకళ్ళ మాట ఒకళ్ళకి రాదు. పురుడు పోసింది కూడా ఆవిడే. బిడ్డ గట్టిపడి, మంచు కరిగాకే వీళ్ళని పంపింది."

"ఆ బిడ్డ..." అన్నాడు మా ఆయన.

కూతురు తల్లి వైపు చెయ్యి చూపించింది. ఆంటీ బల్ల మీద పడేసిన పెన్నుకి మూత పెడుతోంది.

"నిండు నెలల మనిషిని జనవరిలో బయటికి పంపడానికి, నువ్వేమన్నా ఆ తలుపు పట్టుకుని నిలబడ్డ కొడుకువా అని అడుగుతోంది. అమ్మతోనైతే వాదిస్తాను. దీనికి ఏం చెప్పను?"

చలి వెళ్ళేదాకా ఆగలేమన్నారు కొనేవాళ్ళు. బేరం పోయింది. కూతురు విసుక్కోకుండా తిరిగి వెళ్ళిపోయింది. వెళ్తూ నన్ను కౌగిలించుకుని, మా అమ్మని బాగా చూసుకో అంది. తర్వాత ఎండాకాలంలో ఆ ఇల్లు తక్కువకి పోయిందని మాకు ఎవరో చెప్పారు. ఆంటీ నోట మాత్రం ఆ మాట రాలేదు.

పాప జనవరిలో, ఒక తెల్లటి మధ్యాహ్నం పుట్టింది. మంచులో మెల్లగా డ్రైవ్ చేస్తూ మా ఆయన, వెనక సీట్లో నా చెయ్యి పట్టుకుని ఆంటీ. హాస్పిటల్లో నేను పళ్ళు బిగబట్టి ఉంటే, "నీ భాషలో అరువు, ఇంగ్లీషులో నొప్పి పోదు," అంది. అరిచాను. నా కర్నూలు తిట్లు అక్కడ ఎవరికీ అర్థం కాకపోవడం నా అదృష్టం.

అమ్మకి వీసా టైముకి రాలేదు. అత్తగారికీ అంతే. పాపకి స్నానం ఎలా పోయాలో నాకు తెలియదు. ఫోన్‌ని సబ్బుల గూటికి ఆనించి, అమ్మని వీడియో కాల్‌లో పెట్టి, ఆంటీ చిన్న పీట మీద కాళ్ళు చాపి కూర్చుంది.

"కాళ్ళు దగ్గరికి పెట్టుకోమను మే. సందులోంచి జారిపోతాది పాప," అమ్మ అక్కడ్నుంచి అరిచేది. నేను ఇంగ్లీషులో చెప్పేదాన్ని. నేను చెప్పేలోపే ఆంటీ చూసి కాళ్ళు కలిపేసేది. "ఆఁ, అట్లా. ఇంగ వీపు మీద నూనె రుద్దమను." ఆంటీ అప్పటికే రుద్దుతుండేది. నాలుగు రోజులయ్యేసరికి మధ్యలో నేను అక్కర్లేకపోయాను. వాళ్ళిద్దరూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుంటూ, ఒకేచోట నవ్వేవారు. నేను మంచం మీద పడుకుని ఆ నవ్వులు వినేదాన్ని. నా బతుకులో అంత నిశ్చింతగా ఎప్పుడూ పడుకోలేదు.

పేరు పెట్టే రోజు దగ్గరపడింది. అత్తగారికి తన పేరు పెడతానేమోనని ఆశ. అమ్మకి మా జేజి, అంటే మా నాయనమ్మ, పేరు పెట్టాలని. నేను ఆంటీ పేరు పెడతానన్నాను. రెండు ఫోన్లూ ఒకేసారి వేడెక్కాయి.

"ఏం పేరు మే అది, నోరు తిరగడంలే," అంది అమ్మ.

"నాలుగుసార్లు పిలిస్తే అదే తిరుగుతది అత్తమ్మా," అన్నాడు మా ఆయన వెనక నుంచి. ఆయన ఇంత బాగా మాట్లాడగలడని అప్పుడే తెలిసింది.

ఆంటీకి చెప్పాను, మీ పేరు పెట్టుకుంటామని. ఆవిడ పాపని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఊపింది.

"అది నా పేరు కాదు," అంది. "ఆ ఇంటి ఆవిడది. నన్ను మొదట చేతిలోకి తీసుకుంది ఆవిడే కదా, మా అమ్మ ఆవిడ పేరే నాకు పెట్టింది. ఆవిడకి థాంక్స్ చెప్పడానికి మా అమ్మ దగ్గర వేరే మాట లేదు. భాష రాదు."

"మళ్ళీ ఎప్పుడన్నా కలిశారా?"

"మేం మైదానానికి వచ్చేశాం. అమ్మ ఒకసారి వెళ్ళింది. అప్పటికే ఆవిడ పోయింది. పొయ్యి దగ్గర కూర్చుని వచ్చేసింది."

అలా ఒక చెచెన్ తల్లి పేరు, ఒక అవార్ టీచర్ మీదుగా వచ్చి, మా ఇంటిపేరు పక్కన నిలబడింది. ఆ పేరు ఇక్కడ రాయను. అది మా ముగ్గురిళ్ళదీ.

ఇప్పుడు మేం బ్రాంప్టన్‌లో ఉంటున్నాం, నేల మీద, కిటికీలున్న ఇంట్లో. మా ఆయనకి ఓక్‌విల్‌లో కార్ల ప్లాంటులో కాంట్రాక్టు దొరికింది. ఆంటీ కాల్గరీలో కూతురి దగ్గర ఉంది. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాను. పాపకి రెండేళ్ళు నిండాయి. ఇల్లు పీకి పందిరేస్తోంది.

పెద్దవాళ్ళ పేరు పిల్లకి పెడితే మనకో చిక్కుంది. ఆ పేరు పెట్టి తిట్టలేం. అత్తగారి పేరు పెట్టుకున్న కోడళ్ళందరికీ ఇది తెలుసు. అందుకే వాళ్ళు చిట్టీ, బుజ్జీ అని ఇంకో పేరు వాడుకుంటారు. నేనూ అంతే. కోపమొస్తే బుజ్జీ అంటాను. ఆంటీని పేరు పెట్టి పిలిచింది ఎలాగూ లేదు, ఎప్పుడూ ఆంటీయే.

మొన్న ఆదివారం ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆంటీతో మాట్లాడుతూ దోసెలు వేస్తున్నాను. వెనక్కి తిరిగి చూస్తే పాప కందిపప్పు డబ్బా మొత్తం నేల మీద కుమ్మరించి, మధ్యలో కూర్చుని గుప్పిళ్ళతో విసురుతోంది. నా నోరు నా మాట వినలేదు. ఆ పేరు పెట్టి ఇల్లు అదిరేలా ఒక్క కేక వేశాను.

పాప తల ఎత్తలేదు. ఫోన్‌లోంచి ఆంటీ, "ఆఁ," అని పలికింది. వెంటనే, ఆటలోంచి ఇంటికి పిలిస్తే పలికే పిల్లలా, తన భాషలో ఇంకేదో అంది.

నేను నాలుక్కరుచుకున్నాను. "సారీ ఆంటీ, మిమ్మల్ని కాదు, పాపని..."

ఫోన్ కట్ అయిందేమోనని చూశాను. కాలేదు. వాళ్ళమ్మ లేదు, నాయనమ్మ లేదు, వాళ్ళాయన లేడు. కూతురు అమ్మ అంటుంది, నేను ఆంటీ అంటాను. ఆవిడని ఆ పేరుతో కేకేసే మనిషి ఒక్కరూ మిగల్లేదని నాకు అప్పుడు తట్టింది.

"ఇంకోసారి పిలువు," అంది ఆంటీ.

పెనం మీద దోసె మాడుతోంది. పిలిచాను.